చెంబెడు నల్లా నీళ్ళు

ఆశమ్మ గురించి నేను రాస్తానని ఎవరైనా అంటే నవ్వి ఉండేదాన్ని. మా అపార్ట్‌మెంట్‌లో ఆవిడతో అందరికంటే ఎక్కువ పోట్లాడింది నేనే. మెట్లు కడిగి తడి తుడవదని, నేను పెంచుకున్న కరివేపాకు చెట్టు అడక్కుండా విరుస్తుందని, ఫోన్లో మాట్లాడితే మూడో అంతస్తు దాకా వినపడుతుందని, రోజూ ఏదో ఒకటి. ముప్ఫై ఏళ్ళు నారాయణగూడలో బడి పిల్లలకి లెక్కలు చెప్పిన నోరు నాది, రిటైరైనంత మాత్రాన ఊరుకుంటుందా. ఆవిడ నోరూ తక్కువది కాదు. నేను కసిరితే కొంగు నడుముకి దోపి, నేనేమన్న నీ బడి పిల్లనా టీచరమ్మా అని ఎదురు తిరిగేది. సాయంత్రం మళ్ళీ చిక్కడపల్లి మార్కెట్‌కి ఇద్దరం కలిసే వెళ్ళేవాళ్ళం. బేరమాడటం ఆవిడ పని, సంచీ పట్టుకోవడం నా పని. తిరిగొచ్చేటప్పుడు ఎవరెక్కువ మోశారన్న దాని మీద ఇంకో పోట్లాట.

అలాంటి మనిషిని చూసి జాలిపడాల్సిన రోజు వస్తుందని నేను అనుకోలేదు. జాలంటే ఆవిడకి అస్సలు పడదు. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఆశమ్మది పాలమూరు జిల్లాలో మక్తల్ దగ్గర ఒక పల్లె. ఆవిడ చిన్నతనంలో వేసవి వస్తే ఊళ్ళో బావులన్నీ అడుగంటేవట. ఎండిన వాగులో ఇసక తవ్వి చెలిమ తీస్తే, అడుగున చెమట పట్టినట్టు నీళ్ళు ఊరేవి. వాటిని కొబ్బరి చిప్పతో తోడి బిందెలో పోసుకోవాలి. బిందె నిండేసరికి పొద్దు నెత్తికెక్కేది. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకి వాళ్ళమ్మ ఒక అలవాటు నేర్పింది. దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ఏ పాత్రా నోరు తెరుచుకుని ఖాళీగా ఉండకూడదు. కడిగి బోర్లించాలి. బోర్లించడానికి వీలుకానిదైతే, తాగే నీళ్ళు చెంబెడు తెచ్చి అడుగున పోయాలి. లేకపోతే ఆ ఇంటి మీదికి కరువు వస్తుందట. పట్నంలో ఇన్నేళ్ళున్నా ఆవిడ ఆ అలవాటు వదల్లేదు. సాయంత్రం నా వంటింట్లోకి వచ్చిందంటే, మాట్లాడుతూ మాట్లాడుతూనే గట్టు మీదున్న ఖాళీ కుక్కర్ బోర్లించేసేది. నా వంటిల్లు నా ఇష్టం, నీకెందుకే అంటే, వినపడనట్టు ఇంకో గిన్నె అందుకునేది.

పెళ్ళయ్యాక ఈదయ్యతో పట్నం వచ్చింది. ఈదయ్య సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఆవిడ పది మాటలంటే ఒకటి అనేవాడు, అదీ నవ్వుతూ. ఇద్దరూ అడ్డా మీద నిలబడి పనులకి పోయేవాళ్ళు. అశోక్‌నగర్లో మా అపార్ట్‌మెంట్ కట్టినప్పుడు ఇటుకలు మోసింది ఆశమ్మే. నా ఇంట్లో హాలు గోడ చూపించి, ఇది నా నెత్తి మీద ఎక్కిన గోడ అని ఇప్పటికీ అంటుంది. పని అయిపోయి మేస్త్రీలు, కూలీలు వెళ్ళిపోయినా, వీళ్ళిద్దరూ మాకు వాచ్‌మన్ కుటుంబంగా మిగిలిపోయారు. వెనక మూల ప్రహరీ గోడకి ఆనించి వాళ్ళకో రేకుల గది కట్టించారు. కూతురు మంగ అందులోనే పుట్టి పెరిగి, పెళ్ళి చేసుకుని ఉప్పల్ వెళ్ళిపోయింది.

ఆ గోడకి అవతల ఒక పాత డాబా ఇల్లుండేది. దాన్ని ఒక బిల్డర్ కొని నేలమట్టం చేశాడు. అశోక్‌నగర్లో ఖాళీ జాగా దొరికితే ఏం కడతారో చెప్పనక్కర్లేదు, హాస్టలే. గ్రూపు పరీక్షలు రాసే పిల్లలకి చిక్కడపల్లి లైబ్రరీ నడిచి వెళ్ళేంత దూరం కదా. కింద రెండు సెల్లార్లు వస్తాయన్నారు. వేసవిలో మట్టి తవ్వే ప్రొక్లైనర్ దిగింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా కిటికీ అద్దాలు గడగడలాడేవి. వానాకాలం వచ్చేసరికి మా గోడ పక్కన ముగ్గురు మనుషుల లోతు గుంట. గోడకీ గుంటకీ మధ్య ఒక మంచం పట్టేంత నేల మిగిల్చారు.  నేను అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీని. గుంట అంచు జారకుండా ఆపు గోడ కట్టమని బిల్డర్‌కి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. పెడతామమ్మా అనేవాడు. వినయానికేం లోటు లేదు.

జూలైలో మా తమ్ముడి కొడుకు కృష్ణచైతన్య మా టెర్రస్ మీద ఒక డబ్బా పెట్టాడు. వాడు యూనివర్సిటీలో నీళ్ళ మీద పరిశోధన చేస్తున్నాడు. ఈ ఊళ్ళో పడే వాన ఎంత భూమిలోకి ఇంకుతోంది, వాతావరణం మారుతుంటే ఆ వాన ఎలా మారుతోంది అన్నది వాడి పని. డబ్బా మీద గరాటు, గరాటులో ఒక పింగ్‌పాంగ్ బంతి. వాన పడితే బంతి తేలుతుంది, నీళ్ళు లోపలికి పోతాయి. వాన ఆగితే బంతి గరాటు మూతికి అడ్డం కూర్చుని లోపలి నీళ్ళు ఆవిరి కాకుండా కాపాడుతుంది. ప్రతి సోమవారం పొద్దున వచ్చి ఆ డబ్బా తీసుకుని, కడిగి ఆరబెట్టిన ఖాళీ డబ్బా పెట్టి వెళ్ళేవాడు.

నీళ్ళని ఏం చూస్తావురా అంటే, బరువు చూస్తానత్తయ్యా అన్నాడు. వాడు చెప్పింది నాకు అర్థమైనంత వరకు చెబుతాను. నీళ్ళన్నీ ఒకలాగే కనపడతాయి కానీ, వాటిలో మామూలు అణువులతో పాటు కాస్త బరువైనవి కొన్ని ఉంటాయి. వాటిని ఐసోటోపులంటారు. ఎండ తగిలితే తేలికవి ముందు ఆవిరై పోతాయి, బరువువి వెనక మిగులుతాయి. పాలు పొయ్యి మీద మరిగే కొద్దీ చిక్కబడతాయే, అలాగ. మన నల్లాల్లో వచ్చే కృష్ణ నీళ్ళు రిజర్వాయరులో నెలల తరబడి ఎండకి కాగి వస్తాయి కనక బరువు. వాన నీళ్ళు మబ్బులోంచి నేరుగా వస్తాయి కనక తేలిక. ఏ నీళ్ళు ఎక్కడివో మిషన్ చెప్పేస్తుందన్నాడు. ఆశమ్మ అక్కడే బట్టలు ఆరేస్తూ వింటోంది. వాడు ఆవిడ వైపు తిరిగి, కోతులొచ్చి పడేయకుండా చూడు ఆశమ్మా, ఇది నీ ఇంట్లో బిందె అనుకో అన్నాడు.

ఆవిడ అలాగే అనుకుంది.

దాచిపెట్టి చివర్లో బయటపెట్టే ఓపిక నాకు లేదు, ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఆ సాయంత్రం దీపాల వేళ ఆరిన బట్టలు తీయడానికి వెళ్ళి ఆశమ్మ ఆ డబ్బా చూసింది. ఖాళీగా ఉంది. గరాటు బిగించి, ఇటుకల మధ్య తాడేసి కట్టి ఉంది కనక బోర్లించడం కుదరదు. కిందకి దిగి, తన గదిలో తాగడానికి పట్టుకున్న నల్లా నీళ్ళు చెంబెడు తీసుకుని, నాలుగంతస్తులు మళ్ళీ ఎక్కి, గరాటులో పోసి దండం పెట్టుకుంది. అప్పట్నించి ప్రతి సోమవారం సాయంత్రం అదే పని. మోకాళ్ళ నొప్పులతో నా ఇంటికి పాల ప్యాకెట్ తేవడానికి మూలిగే మనిషి, ఆ డబ్బా కోసం కిక్కురుమనకుండా ఎక్కేది. మాకెవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని ఆవిడకి తోచలేదు.

జూలై, ఆగస్టు సగం దాకా వానలు కుమ్మేశాయి. డబ్బా నిండిపోయేది. అంత నీటిలో చెంబెడు నీళ్ళు ఏ మూలకి. చైతన్య లెక్కలు చైతన్యకి వచ్చాయి, వాడు సంతోషంగానే ఉన్నాడు.

ఆగస్టు చివర్లో వానలు మొహం చాటేశాయి. ఆ వారమంతటికీ ఒక సాయంత్రం నాలుగు చినుకులు రాలాయి, అంతే. సరిగ్గా ఆ వారమే గుంటలో నీళ్ళు కనపడ్డాయి. మా గోడ వైపు మట్టిలోంచి, సగం ఎత్తులో, సన్నగా ఊరుతున్నాయి. మొదట ఒక మరక. రెండు రోజులకి అది ధార అయింది. బిల్డర్ మోటారు పెట్టించి, పక్కనే ఉంటాడు కదా అని ఈదయ్యకి ఆ పని అప్పగించాడు. పొద్దున్నే నిచ్చెన దిగి మోటారు వేయడం, నీళ్ళు తోడాక కట్టేయడం. ఆ రోజుల్లోనే ఈదయ్య వాళ్ళ గది తలుపు పట్టేయడం మొదలైంది. వానాకాలం కదా, చెక్క ఉబ్బిందనుకుని ఈదయ్య అంచు చెక్కాడు. మూడు రోజులకి మళ్ళీ పట్టేసింది. మంచం కింద గచ్చులో వెంట్రుక లాంటి బీట ఒకటి వచ్చింది. దానికి సిమెంటు పూశాడు. పూసి నాకు చూపించాడు కూడా, ఎంత నున్నగా వచ్చిందో చూడమని.

 అసోసియేషన్ మీటింగు పెట్టి, బిల్డర్ తరఫున సైట్ ఇంజనీరు తరుణ్‌ని పిలిపించాను. కుర్రాడు మర్యాదస్తుడు. మొన్నటి దాకా కురిసిన వాన నీళ్ళేనమ్మా, భూమిలో పట్టినవి ఊరుతున్నయి, పది దినాల్ల ఆగిపోతది అన్నాడు. మురుగు నాలా నీళ్ళైతే కంపు కొట్టేవి, ఇవి కొట్టడం లేదు. ఇక రెండే దారులు. వాన నీళ్ళైతే వాటంతటవే తగ్గుతాయి. కాదు, గల్లీ కింద పోయే నల్లా మెయిన్ పైపు ఎక్కడో పగిలి కారుతోందంటే, అది ఆగదు. లోపల్లోపల మట్టిని కడిగేస్తూనే ఉంటుంది. మా గోడ కింద మట్టి, ఈదయ్య గది కింద మట్టి. నల్లా నీళ్ళని తేలితే పని ఆపి, గల్లీ తవ్వి, ఆ గది ఖాళీ చేయించాలి. ఈ సంగతి అందరికీ తెలుసు. అప్పుడు నేనే అన్నాను, మావాడి మిషన్ ఉండగా మనం వాదించుకోవడం ఎందుకని.

సోమవారం చైతన్య వచ్చి గుంటలో నీళ్ళు ఒక సీసా, నల్లా నీళ్ళు ఒక సీసా పట్టుకున్నాడు. టెర్రస్ మీది డబ్బా ఎలాగూ తీసుకెళ్తాడు. కొన్ని రోజులు గడిచాక ఫోన్ చేశాడు. గుంటలో నీళ్ళూ, ఆ వారం పడ్డ వానా దాదాపు ఒకే బరువు ఉన్నాయట. నల్లా నీళ్ళు వాటికంటే ఇంకాస్త బరువట. ఆ వారం వాన మామూలు కంటే బాగా బరువుగా వచ్చింది, అది కాస్త ఆశ్చర్యంగానే ఉంది అన్నాడు. మళ్ళీ వాడే సమాధానం చెప్పుకున్నాడు. నాలుగు చినుకులే కదా, పడుతూ పడుతూ గాలిలోనే సగం ఆవిరైపోయి, బరువుది మిగిలి ఉంటుందని. అది నిజంగా జరిగేదేనట, పుస్తకాల్లో ఉందట. ఆ నాలుగు చినుకులకి డబ్బాలో అన్ని నీళ్ళెలా వచ్చాయని వాడికి అనుమానం రాలేదు. వచ్చినా ఏం లాభం, ఈ ఊళ్ళో నారాయణగూడలో కుమ్మేసిన వాన చిక్కడపల్లిలో నేల తడపదు. ఎవరి డబ్బాలో ఎన్ని నీళ్ళుండాలో ఎవరు చెప్పగలరు.

కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. గుంటలోవి వాన నీళ్ళని. తరుణ్ దాన్ని ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. మీటింగులో అందరి మొహాలూ విప్పారాయి. వాన అయితే ఎవరూ ఏమీ చేయక్కర్లేదు.

ఆ తర్వాత మబ్బన్నది లేదు. సెప్టెంబరులో ఏప్రిల్ ఎండ కాసింది. రోడ్ల మీద దుమ్ము లేచింది. గుంటలో నీళ్ళు మాత్రం తగ్గలేదు. పొద్దున్నే మొదలయ్యే మోటారు మోత మధ్యాహ్నం దాటినా ఆగేది కాదు. ఆ మోత మధ్యలో నాకు పేపరు చదవబుద్ధయ్యేది కాదు, పూజ సాగేది కాదు. అదే రోజుల్లో మా నల్లా ధార సన్నబడింది. సంపు నిండడానికి రెట్టింపు సేపు పట్టేది. అందరం నీళ్ళ వాళ్ళని తిట్టుకున్నాం. ఒక పక్క నల్లా సన్నబడటం, ఇంకో పక్క గుంట నిండటం, రెంటినీ కలిపి చూసినవాళ్ళు లేరు.

ఈదయ్య పూసిన సిమెంటు మీద బీట మళ్ళీ వచ్చింది. ఈసారి మంచం కింద నుంచి గుమ్మం దాకా పాకింది. ఆశమ్మ భయపడింది. ఆవిడ భయపడటం నేను అంతకుముందు చూడలేదు. సెల్లార్‌లో జనరేటర్ గది ఖాళీ చేయిస్తాను, కొన్నాళ్ళు అక్కడ పడుకోండి అని నేనే చెప్పాను. ఆవిడ బోళ్ళు సర్దుకుంది. ఈదయ్యే కదల్లేదు.

"చదువుకున్న బాబు మిషన్ల పెట్టి చూసిండు గదా టీచరమ్మా. వానవే అని రాసిచ్చె. వాన పోయింది, ఇగ అవి ఎన్నొద్దులుంటయి?" అన్నాడు.

 ఆ మిషన్ని తెచ్చింది మా ఇంటి పిల్లాడు. ఆశమ్మ మొగుణ్ణి నానా తిట్లూ తిట్టి, సర్దిన బోళ్ళు మళ్ళీ విప్పుకుంది.

వానే లేదు కదా అని కొన్ని వారాలు డబ్బా జోలికి రాని చైతన్య ఆ సోమవారం పొద్దున వచ్చాడు. పైన ఆశమ్మ మిరపకాయలు ఎండబోస్తోంది, నేను నీడకి కట్టిన రేకు కింద కూర్చుని తొడిమలు తీస్తున్నాను. వాడు డబ్బా విప్పి ఎత్తబోయి ఆగిపోయాడు. ఊపి చూశాడు. లోపల నీళ్ళు చప్పుడు చేశాయి.

ఆ డబ్బా పెట్టినప్పట్నించి ఒక్క చినుకు పడలేదు. అత్తయ్యా, ఇక్కడేమైనా వాన పడిందా అని అడిగాడు. వానా, నీ మొహమా అన్నాను నేను. ఆశమ్మ తలెత్తి నవ్వింది. ఇన్నాళ్ళకి తన పని ఎవరో గుర్తించారన్న నవ్వు అది.

"నేనే పోసిన బాబూ. దీపాలప్పుడు ఖాళీగ ఉండొద్దు గద. నువ్వు పెట్టి పోయిన రోజే చెంబెడు పోస్త. ఎన్నడు తప్పలే."

"ప్రతి వారమా?"

"ఆఁ. తాగే నీళ్ళే పోసిన, బోరువి గావు."

వాడు పిట్టగోడ మీద కూర్చుండిపోయాడు. నాకు ముందు అర్థం కాలేదు. చెంబెడు నీళ్ళకి ఇంత బెంగెందుకు, డబ్బా కడుక్కుంటే పోతుంది కదా అనుకున్నాను. వాడు పెదాలు కదుపుతూ ఏదో లెక్క వేసుకుంటున్నాడు. నాలుగు చినుకుల వాన, చెంబెడు నల్లా నీళ్ళు. ఆగస్టు చివరి వారం డబ్బాలో ఉన్నది సగానికి పైగా నల్లాయే. దాని బరువుతో సరిపోయాయంటే గుంటలో ఉన్నవీ నల్లా నీళ్ళే, భూమిలో పాత వాన తడి కాస్త కలిసి ఉంటుంది.

"అత్తయ్యా, గుంటలోవి వాన నీళ్ళు కావు. పైపు కారుతోంది. ఆ గది ఇప్పుడే ఖాళీ చేయించాలి. ఈదయ్య ఎక్కడ?"

ఎక్కడని చెప్పక్కర్లేదు, మోటారు మోత వినపడుతూనే ఉంది. ముగ్గురం గుంట వైపు పిట్టగోడ దగ్గరికి పరిగెత్తాం. కింద, గుంట అడుగున, మా గోడ వైపునే, ఈదయ్య మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి పైపు చుట్టలు సర్దుతున్నాడు. చైతన్య మెట్ల వైపు ఉరికాడు. నేను అరిచాను. బడిలో ముప్ఫై ఏళ్ళు అరిచిన గొంతు, ఆ మోతలో నాకే వినపడలేదు. ఆశమ్మ అరిచింది. మూడంతస్తులకి వినిపించే ఆవిడ గొంతు కూడా ఎందుకూ పనికిరాలేదు. రెండు చేతులూ ఎత్తి, పైకి రమ్మని కొట్టుకుంది.

ఈదయ్య తలెత్తి చూశాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వినబోయాడు. వినపడక, అన్నానికి పిలుస్తోందనుకున్నాడో ఏమో, వస్తున్నా, ఇంకాసేపట్లో వస్తున్నా అని చేత్తో సైగ చేసి నవ్వాడు. మళ్ళీ వంగి పైపు అందుకున్నాడు.

మట్టి ముందు కదిలింది. పెద్ద ముక్క ఒకటి, చప్పుడు లేకుండా, నిలబడ్డది నిలబడ్డట్టే కిందకి జారింది. దాని మీద గోడ, గోడ వెనక గది రేకులు. చప్పుడు ఆ తర్వాత వచ్చింది. మోటారు ఆగిపోయింది. ఇన్ని రోజులుగా ఆగితే బాగుండునని నేను కోరుకున్న మోత అది.

ఈదయ్యని సాయంత్రానికి గానీ బయటికి తీయలేకపోయారు. దాని గురించి నేను రాయను.

అంత్యక్రియలకి ఊరు తీసుకెళ్ళారు. ఆశమ్మ, మంగ అక్కడే ఉన్నారు. ఇక్కడ బిల్డర్ మనుషులు కాగితం పట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. చైతన్య సంతకం పెట్టిన కాగితమే. యూనివర్సిటీ పరీక్షలో వాన నీళ్ళని తేలిందని, పై నుంచి పడ్డదానికి ఎవరేం చేస్తారని, దైవాధీనమని. నల్లా పైపు పగిలి ఉంది నిజమే, కానీ అది గోడ కూలినప్పుడు పగిలిందన్నారు. ప్రొక్లైనర్ పళ్ళు వేసవిలోనే ఆ పైపుకి తగిలాయని కూలీలు గుసగుసలాడుకున్నారు. నోరు తెరిచి చెప్పేవాడు లేడు. వాళ్ళూ పాలమూరు వాళ్ళే, గుంటకి అటువైపు అంచు మీద రేకుల షెడ్లలో పసిపిల్లలతో ఉంటున్నారు. వాన అని తేలిపోతే పని మళ్ళీ మొదలవుతుంది, ఆ అంచు మీదే.

చైతన్య సరిగా తినడం లేదు, నిద్ర లేదు. గుంటలో నీళ్ళు మళ్ళీ పరీక్షిస్తే ఉపయోగం లేదన్నాడు. పైపు పగిలి అందులో పడింది కనక ఇప్పుడు ఎలాగూ నల్లాయే చూపిస్తుంది. నా డబ్బా చెడిపోయింది, నా కాగితం తప్పు అని వాడొక్కడే చెబితే, శవం బయటపడ్డాక మాట మారుస్తున్నాడంటారు. నీళ్ళు పోసిన మనిషి పోశానని చెప్పాలి. ఆ మనిషికి తన చెంబెడు నీళ్ళు ఏం చేశాయో తెలియదు. పైన ఆ రోజు వాడు అన్న మాటలు మోతలో, పరుగులో ఆవిడకి ఎక్కలేదు. ఆ సంగతి ఆవిడ చెవిన పడితే ఆవిడ ఇక బతకదురా, నోరు మూసుకో అని వాడికి నేనే గట్టిగా చెప్పాను. చెప్పి రాత్రంతా అటూ ఇటూ దొర్లాను. మూసుకుంటే ఆ షెడ్లలో పిల్లల మాటేమిటి.

విచారణకి అధికారి వచ్చిన రోజే ఆశమ్మ మంగని తీసుకుని వచ్చింది, మట్టిలోంచి తీసిన బోళ్ళు తీసుకెళ్ళడానికి. మా సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అధికారి మోకాళ్ళ మీద ఫైలు పెట్టుకుని రాసుకుంటున్నాడు. తరుణ్ ఆ కాగితం చదివి వినిపించాడు. పాపం, వాడూ నిద్రపోతున్నట్టు లేడు. చైతన్య లేచి, ఆ కాగితం తప్పు సార్, ఆ వారం వాన నమూనాలో నల్లా నీళ్ళు కలిశాయి అన్నాడు.

అధికారి కలం ఆపి, ఎవరు కలిపారు అని అడిగాడు.

చైతన్య నా వైపు చూశాడు. నేను నేల చూశాను. అధికారి మళ్ళీ అడిగాడు. అటు స్తంభం పక్కన ఆశమ్మ సొట్టలు పడ్డ గిన్నెలు గోనెసంచిలో వేసుకుంటోంది. ఆవిడ చెయ్యి ఆగింది.

"బాబూ, నేను పోసిన చెంబెడేనా?" అంది.

వాడు ఏడ్చేశాడు. అంతకంటే జవాబు ఏం కావాలి. మంగ వాళ్ళమ్మ భుజం పట్టుకుంది. ఆశమ్మ ఆ చెయ్యి మెల్లగా తీసేసింది.  ఆవిడ మొహంలో ఒక్కొక్కటీ కలుస్తున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. డబ్బా, కాగితం, జనరేటర్ గదికి రానన్న మొగుడు. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది.

ఏం కాలేదే, నువ్వేం చేయలేదే అని నేను లేచాను. ఆవిడ నన్ను పక్కకి జరిపి కుర్చీల దగ్గరికి వెళ్ళింది.

"నేను పోసిన సారూ. నల్లా నీళ్ళు. వారం వారం పోసిన. గా బాబు చూసినవి వానవి గావు. గుంటల ఉన్నవి గూడ వానవి గావు. గట్లనే రాయుండ్రి."

తరుణ్ తల దించుకున్నాడు. అధికారి రాశాడు. చాలాసేపు రాశాడు. ఆవిడ కదలకుండా ఆ కలం వైపే చూస్తోంది, చదవడం రాకపోయినా. సాక్షి పేరు అడిగాడు, చెప్పింది. ఊరు అడిగాడు, చెప్పింది. తర్వాత తలెత్తకుండానే, చనిపోయిన ఈదయ్యతో మీకేమైనా సంబంధం ఉందా అమ్మా అన్నాడు.

"ఆయన పెండ్లాన్ని," అంది ఆశమ్మ. "అది గూడ రాయి."